ఖాళీ లేని జిల్లా

ఆ జిల్లాకి కరువు కొత్త కాదు, వరద కొత్త కాదు, మంత్రుల పర్యటనలు అసలే కొత్త కాదు. అన్నిటినీ తట్టుకుని నిలబడ్డ జిల్లా చివరికి ఎర్రచుక్కల పాలబడింది. రాజధానిలో పెద్దవాళ్ళు కూర్చునే గదిలో గోడంత తెర ఒకటి బిగించారు. జిల్లాలు పంపే కుటుంబ వివరాల ఫైలులో ఎక్కడ గడి ఖాళీగా ఉంటే అక్కడ ఆ తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది. మిగతా జిల్లాలు పచ్చగా కళకళలాడుతుంటే ఈ జిల్లా మాత్రం ఒళ్ళంతా తట్టు పోసిన పిల్లాడిలా ఉందని ఒక పెద్దాయన అన్నాడట. ఆ మాట ఫోనులోకి, ఫోనులోంచి మీటింగులోకి, మీటింగులోంచి మద్దిలేటి నెత్తి మీదికి దిగింది.

మద్దిలేటి జిల్లా సమాచార సమగ్రతా విభాగంలో కాంట్రాక్టు ప్రోగ్రామరు. మండలాల నుంచి వచ్చే ఫైళ్ళు చదివి, తప్పులుంటే పట్టుకుని, అన్నిటినీ కలిపి రాజధానికి పోయే పెద్ద ఫైలుగా రాసే ప్రోగ్రాము అతను రాసిందే. ఆ ఫైలు చూడటానికి ఏమంత ఘనంగా ఉండదు. మనిషికో వరుస. వరుసలో పేరు, ఇంటి నంబరు, వృత్తి, భార్య లేక భర్త, సంతానం, బోరు, పశువులు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కామాలు. చెప్పడానికి ఏమీ లేనిచోట రెండు కామాలు పక్కపక్కనే పడతాయి. పెళ్ళికానివాడి వరుసలో భార్య ఉండాల్సిన చోట అంతే, బోరు లేని రైతు వరుసలో బోరు ఉండాల్సిన చోట అంతే. మద్దిలేటికి ఆ జంట కామాలంటే గౌరవం. లేనిది లేదని ఒప్పుకునే చోటు ఆ ఆఫీసు మొత్తానికి అదొక్కటే మరి.

అతని సొంత వరుసలోనూ భార్య గడి ఖాళీగానే ఉంది. ఎక్కువకాలం అలా ఉంచే ఉద్దేశం మాత్రం అతనికి లేదు. నల్లమల అంచున గుండ్లబావి అనే ఊళ్ళో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తున్న భ్రమరాంబతో పెళ్ళి కుదిరింది. కుదిరింది అనడం పెద్దవాళ్ళ మర్యాద కోసం; వీళ్ళిద్దరూ అంతకుముందే కుదుర్చుకున్నారు. ఆ వేసవిలో బదిలీలకి తలుపులు తెరిచారు. భర్త ఉన్న ఊరికి భార్యను మార్చే సౌకర్యం ఉంది, కాకపోతే పెళ్ళి రిజిస్టరు కావాలి, కుటుంబ ఫైలులో ఆమె భర్త గడిలో అతని పేరు కనబడాలి. ఈసారి తలుపులు మూశారంటే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెరిచేవాళ్ళకే తెలియదు. అందుకని మద్దిలేటి సెలవు చీటీ రాసి జేబులో పెట్టుకుని, ఇచ్చే అదను కోసం చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే చిదానందంగారు ఎర్రచుక్కల నివారణకు ప్రత్యేకాధికారిగా దిగారు. విదేశంలో ఏదో శిక్షణ పొంది వచ్చాక ఆయన మామూలు మాటలు మాట్లాడటం మానేశారు. మంచినీళ్ళు కావాలన్నా "జలసమాచారం ఏమిటి" అని అడిగేవారు. వచ్చీ రాగానే ఆఫీసు గోడ మీద 'శూన్యం పట్ల శూన్య సహనం' అని రాయించారు. గోడ మీద అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువైందని చెరిపించి, మళ్ళీ దగ్గరగా రాయించారు.

మొదటి మీటింగులోనే ఆయన రోగం నిర్ణయించేశారు.

"ఖాళీ అనునది సమాచార లోపము కాదు, సంకల్ప లోపము. గడి ఉన్నదనగా అందులో విషయము ఉన్నదనియే అర్థము. లేనిచో ప్రభుత్వము గడి ఎందులకు ఇచ్చును?"

అందరూ తలలూపారు. మద్దిలేటి లేచి నిలబడ్డాడు. నిలబడకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"సార్, పెండ్లి కానోనికి భార్య గడి ఖాళీగానే ఉంటాది. అది తప్పు కాదు. అదే సమాచారం."

"ఆ విషయము ఫైలులో ఎక్కడ రాసి ఉన్నది?"

"ఏమీ రాయకపోవడమే సార్ రాయడం."

చిదానందంగారు సూపరింటెండెంటు మహబూబ్ సాహెబు వైపు చూశారు. ఈ కుర్రవాడికి కాంట్రాక్టు ఎవరిచ్చారన్న ప్రశ్న ఆ చూపులో ఉంది. మహబూబ్ సాహెబు కిటికీ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇబ్బందికరమైన ప్రశ్నలన్నిటికీ ఆయన కిటికీనే జవాబుగా వాడుకుంటూ వచ్చాడు.

పోనీ 'వర్తించదు' అని రాద్దామా అని మద్దిలేటి అడిగాడు. కుదరదన్నారు. ఈ ప్రభుత్వంలో అందరికీ అన్నీ వర్తిస్తాయని మొన్ననే ప్రకటన వచ్చిందట. 'తెలియదు' అని రాస్తే ప్రభుత్వానికి తెలియనిది ఒకటి ఉందన్న అర్థం వస్తుంది. ఇక 'లేదు' అన్న మాటను ఆ శాఖలో నిధుల గురించి తప్ప వాడటానికి వీల్లేదు. చివరికి మద్దిలేటి జేబులోంచి సెలవు చీటీ తీసి ఇచ్చాడు. చిదానందంగారు దాన్ని చదివి ఎంతో ఆప్యాయంగా నవ్వి, జిల్లాకు చుక్కల విమోచనం కలిగిన మరుక్షణమే అతని కల్యాణమని సెలవిచ్చారు.

మద్దిలేటి కుర్చీలో కూర్చుని ఆలోచించాడు. వానకొలత ఫైళ్ళలో ఒక పూట లెక్క రాకపోతే దాని పైవరుసలోని లెక్కనే కిందికి దించడం అందరూ చేసేదే. పొద్దున ఎంత కురిసిందో సాయంత్రమూ దాదాపు అంతే కురిసి ఉంటుందని ఒక నమ్మకం. ప్రోగ్రాములో దానికి ఒక్క వాక్యం చాలు: గడి ఖాళీగా ఉంటే పై వరుసలో అదే గడిలో ఉన్నది తెచ్చి పెట్టు. వానకి పనికొచ్చింది పెళ్ళాలకి పనికొస్తుందా అన్న సందేహం అతనికి వచ్చింది. కాని సెలవు చీటీ చిదానందంగారి దగ్గర ఉంది, బదిలీల తలుపు ఓరగా మూసుకుంటోంది. ప్రేమలో ఉన్నవాడి బుద్ధి ఎంత పని చేయాలో అంతే పనిచేసింది. ఆ వాక్యం రాసేశాడు.

ఇంకొక తప్పు కూడా చేశాడు. అది అతని తప్పు ఎంతో ఆఫీసు తప్పు ఎంతో చెప్పడం కష్టం. చదివిన ఫైలును అలాగే ఉంచి, నింపిన ఫైలును వేరే పేరుతో రాసుకోవడం ఆ వృత్తిలో ఓనమాలు నేర్చినవాడెవడైనా చేసే పని. కాని అంతకు ముందు సంవత్సరం ఎవరో పాత ఫైలు రాజధానికి పంపి అభాసుపాలు కావడంతో 'ఒకే జిల్లా, ఒకే ఫైలు' అని ఉత్తర్వు వచ్చింది. నకలు ఉంచితే క్రమశిక్షణ చర్య. అందువల్ల ప్రోగ్రాము ఏ ఫైలు చదివిందో ఆ ఫైలు మీదే తిరిగి రాసింది. టీ తాగి కప్పు కింద పెట్టేలోపు జిల్లాలో ఖాళీ అన్నది లేకుండా పోయింది. ఎక్కడెక్కడ ఖాళీ ఉండేదో చెప్పగలిగినది కూడా ఏదీ మిగలలేదు.

తెర మీద జిల్లా పచ్చబడింది. రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. చిదానందంగారు మైసూరుపాకు తెప్పించి, ఈ పవిత్ర ఫైలును ఇకపై ఎవరూ ముట్టకుండా తన వేలిముద్రతో తాళం వేయించారు. ఏ గడిలోనైనా మార్పు కావాలంటే ఆయన వేలు పడాల్సిందే. మద్దిలేటి సెలవు మాత్రం మంజూరయింది.

మొదటి వారంలో ఏమీ కాలేదు. ఫైళ్ళు ఎంత పవిత్రమైనవైనా జనానికి తెలియడానికి కాస్త వ్యవధి పడుతుంది. తర్వాత పోలీసు క్వార్టర్లలో ఉండే హెడ్ కానిస్టేబులు భార్య సుంకులమ్మ ఆఫీసుకు వచ్చింది. వాళ్ళ ఇంటి పక్కనే పెళ్ళికాని కానిస్టేబుళ్ళుండే బ్యారకు ఉంది. ఇంటి నంబర్ల వరుసలో వాళ్ళందరూ ఆమె మొగుడి కిందికి వచ్చారు. పై గడి కిందికి దిగుతూ దిగుతూ బ్యారకు చివరిదాకా పోయింది.

"సార్, నేను ఒక్కనితోనే ఏగలేక సస్తాండా," అంది ఆమె. "ఇంగ బ్యారకంతా అంటగడితే ఎట్ల?"

మఠంలో స్వామివారికి ఎరువుల కొట్టు యజమాని భార్య సంక్రమించింది. స్వామివారు అదంతా మాయ అని కొట్టిపారేశారు గాని, ఆ మాయ తాలూకు మొగుడు మాత్రం కట్టె పట్టుకుని మఠం గుమ్మం దాకా వచ్చాడు. బోరు లేక ఎండిపోతున్న ఒక రైతు కొత్త బోరుకు దరఖాస్తు పెట్టుకుంటే, నీకు బోరు ఉన్నదని తిప్పి పంపారు. అది పక్కవాడి బోరని అతను మొత్తుకున్నాడు. ఉన్న బోరును పక్కవాడి పొలంలో ఎందుకు వేయించావని అతనికే నోటీసు ఇచ్చారు.

ఇవన్నీ మద్దిలేటి చెవిన పడుతూనే ఉన్నాయి. అయినా తన పని తనకు ముఖ్యం కనుక భ్రమరాంబను వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి గుమస్తా అతని నంబరు కొట్టి, తెర వైపు చూసి, మనిషి వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది.

"మీకు పెండ్లయింది కదా సార్," అంది. "భార్య వెంకటసుబ్బమ్మ. కొడుకు ఓబులేసు."

వెంకటసుబ్బమ్మ అంటే మద్దిలేటి మేడ మీద గదిలో అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్త పుల్లన్న సారు రిటైరైన డ్రిల్లు మాస్టరు. వాళ్ళకి పిల్లలు లేరు. వాళ్ళ పైవరుస పక్కింటివాళ్ళది. ఆ ఇంటి కొడుకు ఓబులేసు నలభై దాటినవాడు, పొద్దున లేస్తే సారా, పొద్దు గూకితే పేకాట. ఆ ఓబులేసు మొదట వెంకటసుబ్బమ్మ సంతానం గడిలోకి దిగి, అక్కడి నుంచి భర్త పుల్లన్న సారు వరుసలోకి, ఆయన వరుసలోంచి ఆయన భార్యతో సహా మద్దిలేటి వరుసలోకి దిగాడు. ఆ విధంగా మద్దిలేటికి తనకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైన కొడుకు కలిగాడు. ఫైలు దృష్టిలో ఏ లోటూ లేని కుటుంబం.

భ్రమరాంబ నవ్వలేదు. తన నంబరు కూడా కొట్టి చూడమంది. ఆమె ఉండేది ఆసుపత్రి క్వార్టర్లలో. పైవరుస లేడీ డాక్టరుది. కాబట్టి డాక్టరమ్మ భర్తే ఈమెకీ భర్త.

"మనిద్దరం ఒకరినొకరం చేసుకోవల్లంటే," అంది ఆమె మెట్లు దిగుతూ, "ముందు ఇద్దరం విడాకులు తీసుకోవల్ల. అంతేనా? ఏం రాసినావయ్యా నువ్వు."

అతను ఒక్క వాక్యమే రాశానని చెప్పాడు. ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉండి ఉంటే ఎంత బాగుండునో తనకు తెలుసునని కూడా చెప్పాడు. ఆమె గుండ్లబావి బస్సు ఎక్కేసింది.

ఇంటికి చేరేసరికి వార్త అతనికన్నా ముందే చేరింది. వెంకటసుబ్బమ్మ వరండాలో కూర్చుని, మోటరు చెడిపోయిందనీ, ఇంటి మొగోడు చూసుకోకపోతే ఎవరు చూసుకుంటారనీ పుల్లన్న సారుతో అంటోంది. పుల్లన్న సారు తనకు ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికిందనీ, డ్యూటీ కొత్తవాడికి అప్పజెప్పాననీ ఈల వేసి మరీ చెప్పాడు. మద్దిలేటికి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఈ సరసం ఎంతోసేపు సాగలేదు. గేటు తీసుకుని ఓబులేసు వచ్చాడు. వచ్చినవాడు వెంకటసుబ్బమ్మను అమ్మా అన్నాడు, పుల్లన్న సారును నాయనా అన్నాడు, మద్దిలేటిని ఏమనాలో తోచక నమస్కారం పెట్టాడు. తర్వాత ఇల్లంతా కలయజూసి, మేడ మీద ఇంకో రెండు గదులు వేస్తే బాగుంటుందని సలహా ఇచ్చాడు. వెంకటసుబ్బమ్మ ముఖంలో నవ్వు పోయింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మద్దిలేటి ఆఫీసులో ఒకే ఒక్క విన్నపం చేశాడు. తన వరుసలో భార్య పేరు తీసేయమన్నాడు. తీస్తే ఖాళీ పడుతుంది, ఖాళీ పడితే ఎర్రచుక్క పడుతుంది, కాబట్టి తీయడం ప్రజాప్రయోజనానికి విరుద్ధమని చిదానందంగారు తేల్చారు. అప్పటికే వరండాలో జనం బారులు తీరారు. భార్యలు ఎక్కువైనవాళ్ళు, మొగుళ్ళు ఎక్కువైనవాళ్ళు, బర్రెలు లేకుండా బర్రెలున్నవాళ్ళు. వాళ్ళందరినీ ఏం చేయాలో తెలియక చిదానందంగారే మొదటిసారి కిటికీ వైపు చూశారు. అక్కడ మహబూబ్ సాహెబు నిలబడి ఉన్నాడు.

మహబూబ్ సాహెబుది ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పండిన బుర్ర. ఆయన మద్దిలేటిని పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పాడు.

"నాయనా, గవర్మెంటు ఆఫీసుల రెండే దావలుంటాయి. ఒకటి ప్రమోషను, రెండోది మ్యూచువలు. ఈన్నుంచి ఆడికి ఒకడు, ఆన్నుంచి ఈడికి ఒకడు. ఖాళీ పడేదే ల్యా. పెండ్లాలకైనా అంతే."

ఈ సూత్రం చిదానందంగారికి పరమ సమ్మతమైంది. వెంటనే 'పరస్పర జీవిత భాగస్వామ్య మార్పిడి మేళా' ప్రకటించారు. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఫైలులో తప్పుడు భాగస్వామి నమోదైన వ్యక్తి, అటువంటి మరొక వ్యక్తిని వెదుకుకొని, ఇరువురి అంగీకారముతో భాగస్వాములను మార్చుకొనవచ్చును. ఏ దశలోను ఏ గడియు ఖాళీ కారాదు. జడ్పీ హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. ఆడవారికి వేరే క్యూ, వికలాంగులకు వేరే క్యూ, వృద్ధులకు మజ్జిగ. బదిలీల కాలంలో టీచర్లకు మ్యూచువల్ కుదిర్చి అలవాటున్న బ్రోకర్లు మధ్యాహ్నానికల్లా వాలిపోయారు. టౌనులో ఉండే భార్యకి గిరాకీ, పల్లెలో ఉండే భార్యకి కాస్త నిదానం. బ్యారకు కానిస్టేబుళ్ళు ఎంత మార్చుకున్నా సుంకులమ్మే వస్తోంది, ఎందుకంటే అందరి దగ్గరా ఉన్నది ఆమే.

భ్రమరాంబ కూడా గుండ్లబావి నుంచి వచ్చింది. ఇద్దరూ కలిసి బల్ల ముందు నిలబడ్డారు. బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి నిబంధనలు చదివి, ఎంతో సంతోషంగా, మీ కేసు సులువైనదేనన్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటే చాలట. అతని భార్య వెంకటసుబ్బమ్మ ఈమెకు పోతుంది, ఈమె భర్త అయిన డాక్టరమ్మగారి భర్త అతనికి వస్తాడు.

భ్రమరాంబ ఆ ఉద్యోగి వైపు కాసేపు చూసి, మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ బదిలీల గడువు పదిరోజులే ఉందని గుర్తు చేసింది.

మిగిలిన దారి ఒక్కటే. చిదానందంగారి దగ్గర విచారణ పెట్టించుకోవడం. ఫైలులో ఉన్న భార్య తనంతట తాను వచ్చి, నా స్థానంలో ఇంకొకరిని చేర్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదని చెబితే, పేరుకు బదులు పేరు రాయవచ్చు, మధ్యలో ఖాళీ ఉండదు. డాక్టరమ్మ భర్త నవ్వుకుంటూ సంతకం పెట్టి పంపాడు. వెంకటసుబ్బమ్మ స్వయంగా రావాలన్నారు. పుల్లన్న సారు ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు.

చిదానందంగారు ఆమెను గౌరవంగానే కూర్చోబెట్టారు. ప్రశ్నావళి ముందుంచుకుని, భర్త మద్దిలేటితో దాంపత్య విభేదాలేమైనా ఉన్నవా అని అడిగారు. విభేదాలేమీ లేవు, మోటరు బాగు చేయించినాడని ఆమె చెప్పింది. అతను మరొక స్త్రీని వివాహమాడటానికి సమ్మతమా అని అడిగారు. బంగారంగా సమ్మతమనీ, ఆ పిల్లను తను చూశాననీ, పీటల మీద అతని తల్లి స్థానంలో తనే కూర్చుంటాననీ చెప్పింది. అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం పెట్టింది. చిదానందంగారు కాగితం తీసుకోబోయారు. ఆమె ఇవ్వలేదు.

"సార్, నాదొక మాట ఉండాది. నాకొక కొడుకు పుట్టినాడు. పాలు తాగే పొద్దులనే పోయినాడు. మళ్ళ కాన్పు రాల్యా. మీ కంప్యూటర్ల ఆ గడి ఇన్నాళ్ళు ఖాళీగా ఉండెనంట కదా. దాన్ని ఎవుడో తాగుబోతును తెచ్చి పూడ్చినారు. వాడొచ్చి నన్ను అమ్మా అంటాండాడు. ఆ ఖాళీ నాది సార్. మిమ్మల్ని నింపమని ఎవరడిగినారు?"

మద్దిలేటి తల ఎత్తలేకపోయాడు. ఆ పని చేసింది చిదానందంగారు కాదు, రాజధాని కాదు, తను. వానలెక్కకీ బిడ్డలెక్కకీ తేడా తెలిసి కూడా సెలవు కోసం చేశాడు. ఆ క్షణంలో అతనికి తన మీద కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

చిదానందంగారు మాత్రం రికార్డు తెప్పించి చూశారు. చూసి, ఎంతో సౌమ్యంగా సమాధానమిచ్చారు.

"అమ్మా, తాము చెప్పిన ఖాళీ తమ పేరిట ఎక్కడను నమోదు కాలేదు."

వెంకటసుబ్బమ్మ లేచింది. కాగితం బల్ల మీద పెట్టింది.

"అట్లయితే మీ ఫైలు మీరే పెట్టుకోండి. నా ఖాళీ నేను ఇంటికి తీసుకోని పోతాండా," అంది.

పుల్లన్న సారు ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ఆయన ఆ రోజు ఈల వేయలేదు.

సమ్మతి పత్రాలు రెండూ చేతిలో ఉన్నాయి, చిదానందంగారి వేలు పడటమే తరువాయి. కాని మర్నాడు ఆ వేలు ఊళ్ళో లేదు. ఈ జిల్లా విజయాన్ని రాష్ట్రమంతా అమలు చేయడానికి ఆయనకు పదోన్నతి ఇచ్చి రాజధానికి పిలిపించుకున్నారు. అక్కడ మొదటి నెలలోనే పైనుంచి ఒక తనిఖీ బృందం దిగింది. వాళ్ళు ఈ జిల్లా ఫైలు చదివి నివ్వెరపోయారు. ఇక్కడ వితంతువులు లేరు. అవివాహితులు లేరు. పిల్లలు లేనివాళ్ళు, బోరు లేనివాళ్ళు, బర్రె లేనివాళ్ళు ఒక్కరు కూడా లేరు. భూమి మీద ఇంత సుఖమైన జిల్లా ఇంకొకటి ఉండదని రాసి, ఇన్ని సుఖాలున్నచోట సంక్షేమ పథకాలెందుకని అడిగారు. సంక్షేమం మాట వినగానే పెద్దవాళ్ళకి చెమటలు పట్టాయి. చిదానందంగారిని మళ్ళీ శిక్షణకు విదేశం పంపి, ఆయన స్థానంలో ప్రసూనాంబగారిని వేశారు.

ప్రసూనాంబగారు కూడా శిక్షణ పొందినవారే, ఇంకో దేశంలో. రోగం పుట్టిన చోటే కుదర్చాలని ముందు ఈ జిల్లా ఆఫీసుకే వచ్చి కూర్చున్నారు. ఆమె సిద్ధాంతం చిదానందంగారిదానికి సరిగ్గా తలకిందులు. నిండు ఫైలు అనుమానాస్పదము, ఖాళీయే నిజాయితీకి గీటురాయి. గోడ మీది రాత చెరిపించి, దాని బదులు ఏమీ రాయించలేదు. ప్రతి వరుసలోను తప్పనిసరిగా ఒక ఖాళీ ఉండవలెనని, అంతకు తక్కువ గాని ఎక్కువ గాని ఉండరాదని ఉత్తర్వు వేశారు. తెర మీద చుక్కల అర్థం మార్చారు. ఇప్పుడు ఖాళీ లేని వరుసకి ఎర్రచుక్క.

మద్దిలేటికి ప్రాణం లేచి వచ్చింది. భార్య గడిలో సమ్మతి ప్రకారం భ్రమరాంబ పేరు పడుతుంది, ఓబులేసు ఉన్న గడి ఖాళీ చేయించుకోవచ్చు, తనకూ, వెంకటసుబ్బమ్మకూ. పరుగున వెళ్ళి ఆ మాటే చెప్పాడు. ప్రసూనాంబగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆమెది చిదానందంగారి గ్రాంథికం కాదు, మర్యాదైన కమిటీ భాష.

"మీ ఆవేదన మా పరిగణనలో ఉంది. అయితే విధానపరంగా ఒక అంశాన్ని గమనించాలి. అబద్ధమని తెలిసిన గడిని ఖాళీ చేస్తే, ఇంతకాలం అబద్ధం రాశామని శాఖ అంగీకరించినట్టవుతుంది. కాబట్టి నిజమని రుజువైన గడిని మాత్రమే ఖాళీ చేయడానికి అనుమతిస్తున్నాం."

మద్దిలేటి తన వరుసను ఒకసారి కళ్ళ ముందు వేసుకున్నాడు. కొడుకు అబద్ధం. బోరు అబద్ధం. బర్రె అబద్ధం. నిజమైనవి పేరు, ఇంటి నంబరు, వృత్తి. భార్య గడిలో భ్రమరాంబ పడితే అదీ నిజమే అవుతుంది, నిజమైతే దాన్ని ఖాళీ చేయడానికి వాళ్ళు ఎంతో సంతోషంగా అనుమతిస్తారు.

బయటకు వచ్చి ఆమెకు ఫోను చేశాడు. బదిలీల తలుపు పోయిన నెలలోనే మూసేశారని ఆమె గుర్తు చేసింది. ఆ సంగతి అతనికి తెలుసు. తర్వాత ఆమే అంది.

"నేను ఆడికి వచ్చేదానికి ఇన్ని తిప్పలెందుకు? నువ్వే ఈడికి రా. ఈడ బడి ఉండాది, ఆసుపత్రి ఉండాది, నీ మాదిరి నాలుగు అక్షరాలు వచ్చినోడు లేక అగసాట్లు పడతాండారు. ఏమీ దొరక్కపోతే రాత్రి పూట అంబులెన్సు నడుపుదువులే."

మద్దిలేటి లోపలికి తిరిగి వెళ్ళి, భార్య గడిలో భ్రమరాంబ పేరు రాసి, వరుసకి కావలసిన ఆ ఒక్క ఖాళీ కోసం తన వృత్తి గడి ఖాళీ చేయమని అర్జీ పెట్టాడు. ప్రసూనాంబగారు ఒకసారి హెచ్చరించారు. వృత్తి గడి ఖాళీ అయినవాడి పేరు మీద ఈ ఆఫీసులో కుర్చీ ఉండదన్నారు. తెలుసునన్నాడు. అయితే ఆ గడిలో ఉన్నది నిజమని ముందు రుజువు కావాలన్నారు. అతను నిజంగా ఇక్కడ పనిచేస్తున్నట్టు ధ్రువపత్రం లేనిదే దాన్ని ఖాళీ చేయడం కుదరదు.

కాంట్రాక్టువాళ్ళకి అటువంటి కాగితం ఇచ్చే ఆచారం ఆ ఆఫీసులో లేదు. బ్యాంకువాడు అడిగినప్పుడు ఇవ్వలేదు, పెళ్ళి సంబంధంవాళ్ళు అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇస్తే రేపు పర్మనెంటు చేయమంటారని భయం. ఇప్పుడు నిబంధన అడిగింది కాబట్టి తప్పలేదు. మహబూబ్ సాహెబు స్వయంగా టైపు చేసి, గుండ్రటి ముద్ర వేసి, లేచి నిలబడి అతని చేతికిచ్చాడు. శ్రీ మద్దిలేటి ఈ కార్యాలయమందు ప్రోగ్రామరుగా సంతృప్తికరముగా పనిచేయుచున్నాడని అందులో ఉంది. అతను ఆ ఆఫీసులో పనిచేస్తున్నట్టు ఆ ఆఫీసు ఒప్పుకోవడం అదే మొదటిసారి. మద్దిలేటి దాన్ని రెండుసార్లు చదువుకుని, రాజీనామాకు జతపరిచి ఇచ్చేశాడు.